చెయ్యి కనబడే వైపు

మొన్న మా పక్కింటి అమ్మాయిలిద్దరు వచ్చారు. కాలేజీలో నాటిక వేస్తున్నారట. "అత్తా, డైలాగులు వచ్చేశాయి గానీ స్టేజీ మీద చేతులేం చేసుకోవాలో తెలియట్లేదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంతకాలం స్టేజీలు ఎక్కి దిగి, మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్న నాకే ఆ సంగతి పూర్తిగా తెలియదు. కొంగు లాక్కోవడం, గాజులు సర్దుకోవడం, ఏమీ తోచకపోతే నడుం మీద పెట్టుకోవడం, ఇవేగా అందరం చేసేది.

చేతుల సంగతి ఎత్తారు కాబట్టి ఒక చెయ్యి గురించి చెప్తాను. నాది కాదు. వాళ్ళిద్దరికీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, మీలో స్టేజీ ఎక్కే వాళ్ళెవరికన్నా పనికొస్తుందని. మధ్యలో ఫోన్ చూసుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం లేదు. ఉంది, కానీ మీకు కనబడదుగా.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఉద్యోగం అని మా ఇంట్లో కూడా ఎవరూ అనలేదనుకోండి. నేను గుడివాడలో ఉంటూ చుట్టుపక్కల నాటక సమాజాలకి ఆడవేషాలు వేసేదాన్ని. ఆ సమాజాల్లో మగవాళ్ళంతా పగలు గుమాస్తాలు, మేష్టర్లు, కొట్ల యజమానులు. సాయంత్రానికి నటులు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కరు కదా, అందుకని బయటి నుంచి నాలాంటిదాన్ని పిలిచేవారు. ఇవాళ బందరు వాళ్ళకి చెల్లెలు, రేపు పామర్రు వాళ్ళకి అత్తగారు, ఎల్లుండి కైకలూరు వాళ్ళకి గయ్యాళి పెళ్ళాం. గయ్యాళి వేషాలకి నన్ను ప్రత్యేకంగా అడిగేవారు, ఎందుకో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

వాళ్ళు నెలల తరబడి రిహార్సల్ వేసుకుంటే నేను చివర్లో వెళ్ళి కలిసేదాన్ని. అందుకని నా డైలాగుల కంటే ముందు అవతలి మనిషి ఒళ్ళు నాకు అర్థం కావాలి. ఎవరు ఏ మాట ముందు ఊపిరి తీసుకుంటారు, ఎవరికి కోపం వస్తే కాళ్ళు ముందుకొస్తాయి, ఎవరు ఏడవబోయే ముందు వెనక్కి తిరుగుతారు, ఇవన్నీ చూసుకోవాలి. ఇది చూసుకోకపోతే మనం ఎంత గొప్పగా ఏడ్చినా అవతలివాడి వీపుకి ఏడుస్తాం.

ఇంకొకటి, మైకు. అప్పట్లో స్టేజీ ముందు అంచున మధ్యలో ఒక మైకు నిలబెట్టేవారు. సగం మంది నటులకి అది కనబడితే కాళ్ళు ఆగేవి కావు. పెళ్ళాంతో పోట్లాడుతూ, తండ్రి కాళ్ళ మీద పడుతూ, మెల్లగా జరిగి జరిగి మైకు దగ్గరికి చేరేవారు. బందరు సమాజంలో పెడన నుంచి వచ్చే ఒక ఎరువుల కొట్టాయన ఉండేవాడు. బంగారం లాంటి మనిషి. మైకు విషయంలో మాత్రం ఈగకి బెల్లం ముక్క కనబడ్డట్టే.

అదే సమాజంలో దీనికి పూర్తిగా ఎదురు మనిషి ఒకాయన ఉండేవాడు. బందరు కోర్టులో డఫేదారు. వాయిదా పిలిచినప్పుడు వరండాలో నిలబడి పేర్లు కేకవేయడం ఆయన పని. ఆయన పిలిస్తే గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాది గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడని చెప్పుకునేవారు. అంత గొంతున్న మనిషి స్టేజీ మీద మాత్రం అరిచేవాడు కాదు. మైకు దగ్గరికి పోయేవాడు కాదు. "మనం జనం దగ్గరికి పరిగెత్తకూడదు చెల్లెమ్మా. మనం కాస్త నెమ్మదిగా మాట్లాడితే జనమే ముందుకి వంగుతారు" అనేవాడు. నన్ను మొదటి నాటికలోనే చెల్లెమ్మా అన్నాడు. నేను అన్నగారూ అన్నాను. అలాగే ఉండిపోయాం.

తొంభైల చివర్లో అనుకుంటాను, ఆ సమాజం వాళ్ళు బందరు పక్కన చేపల రేవు గిలకలదిండి నేపథ్యంగా ఒక నాటిక రాయించుకున్నారు. అన్నాచెల్లెళ్ళ కథ. తండ్రి వదిలిపోయిన బోటు ఒకటి ఉంటుంది. అన్న దాన్ని కట్టేసి ఉంచుతాడు. తను వేటకి వెళ్ళడు, నేను నడిపిస్తానని అడిగే చెల్లెలికి ఇవ్వడు. చేపల సావుకారు వచ్చి అమ్మమంటే అమ్మడు. చివరికి చెల్లెలి మాటకి కరిగి వల ఆమె చేతిలో పెడతాడు. డఫేదారుగారు అన్న, నేను చెల్లెలిని, ఎరువుల కొట్టాయన సావుకారు.

డైరెక్టరు హైస్కూలు మేష్టారు. నేను మొదట్లోనే ఆయన్ని అడిగాను.

"మేష్టారూ, అన్న ఎందుకు ఇవ్వడండీ బోటు?"

"పంతమండీ. మగవాడి పంతం."

"పంతానికైనా ఏదో ఒకటి ఉండాలి కదండీ లోపల?"

"రాసినాయన రాయలేదమ్మా. మీరు అంతలోతుకి వెళ్ళకండి" అన్నాడాయన. సరే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతకాదు గానీ ఆ రోజు ఊరుకున్నాను.

ఆ నాటిక కోసం ఒక ఉదయం అందరం గిలకలదిండి వెళ్ళాం. అక్కడ చేపలు వేలం పాడే ఆడవాళ్ళ గొంతులు విని నేను నోరు తెరిచాను. గాలికి ఎదురుగా అరవరు వాళ్ళు. పక్కకి తిరిగి గాలితో పాటు మాటని పంపిస్తారు. గొంతులోంచి కాదు, పొట్టలోంచి. డఫేదారుగారు మాత్రం ఒక ముసలాయన పక్కన చతికిలబడ్డాడు. ఆ ముసలాయన వల అంచుని కాలి బొటనవేలికి తగిలించుకుని, బిగుతుగా లాగి పట్టుకుని చిరుగులు కుడుతున్నాడు. మేం టిఫిన్ తిని వచ్చేసరికి డఫేదారుగారు చెప్పులు విప్పేసి, తన బొటనవేలికి వల తగిలించుకుని ముడులు వేస్తున్నాడు. నాటిక మొదట్లోనే ఆ పని పెట్టుకుందామన్నాడు. మేష్టారికీ నచ్చింది.

అంతలో ఆయనకి పక్షవాతం వచ్చింది.

ఎడమ పక్క. మూతి కాస్త వంకరపోయి మళ్ళీ సర్దుకుంది. మాట నిలబడింది. కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు. చెయ్యి మాత్రం రాలేదు. మోచెయ్యి దగ్గర నుంచి వేలాడుతూ, వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉండిపోయింది. కోర్టు వాళ్ళు దయతోనే ఆయన్ని రికార్డు గదిలోకి మార్చారు, నిలబడే పని ఉండదని. పేర్లు పిలవడానికి ఇంకొకర్ని పెట్టారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ నాతో వంటింట్లో చెప్పింది, "అక్కడ గదిలో కూర్చుంటే బయట పిలిచే పేర్లన్నీ వినబడతాయటమ్మా. వచ్చి పోయేవాళ్ళందరూ పాపం, పాపం అంటున్నారట. ఆ మాట వింటే ఇంటికొచ్చి అన్నం తినడు."

మరుసటి ఏడాది మేష్టారు గుడివాడ వచ్చాడు. దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో నాటక పరిషత్తు పోటీలు ఉన్నాయని, అదే నాటిక వేస్తున్నామని అన్నాడు.

"అన్న వేషం ఎవరండీ?" అన్నాను.

"ఆయనేనమ్మా. వేరే ఎవరు?"

"చెయ్యో?"

"కనబడనివ్వం" అన్నాడు మేష్టారు. కాగితం తీసి గీసి చూపించాడు.

ఇది మీరు జాగ్రత్తగా వినాలి, అమ్మాయిలూ. జనానికి ఎడమచేతి వైపున్న గుమ్మంలోంచి వచ్చే మనిషి తన కుడిపక్క జనానికి చూపిస్తాడు. కావాలంటే లేచి గదిలో నడిచి చూసుకోండి. కాబట్టి గుమ్మం అటు పెట్టారు. అన్న కూర్చునే చేపల పెట్టె కూడా ఆ పక్కనే, కాస్త ఏటవాలుగా. నేను ఎప్పుడూ రెండో పక్క ఉంటాను, ఆయన నా వైపు చూస్తూ మాట్లాడతాడు. ఎడమ భుజం మీద తువ్వాలు, దాని కింద చెయ్యి. వల కుట్టడం తీసేశారు. ఆయన ఒకసారి వచ్చి కూర్చుంటే మళ్ళీ బయటికి వెళ్ళే పని లేకుండా రాసుకున్నారు, వెళ్ళేటప్పుడు రెండో పక్క కనబడుతుంది కదా. నాటిక మొత్తం ఒక చెయ్యి చుట్టూ గోడ కట్టినట్టు కట్టాడు మేష్టారు. ఆయన ప్రేమ అది.

మొదటి రిహార్సల్ అయ్యాక డఫేదారుగారు నన్ను పక్కకి పిలిచాడు.

"చెల్లెమ్మా, ఒక్క మాట. బాగా చెయ్యకపోతే తిట్టు, పడతాను. జనం ఈలలు వేసినా పడతాను. ఎవరన్నా పాపం అన్నారంటే మాత్రం ఇంక నేను స్టేజీ ఎక్కను. కోర్టులో ఎలాగూ ఆ మాట తప్పదు. ఇక్కడైనా నన్ను నటుడిలాగా చూడనీ."

"అలాగే అన్నగారూ. నేనైతే మిమ్మల్ని ఇప్పుడే తిడతాను, ఆ రెండో డైలాగు మింగేశారు" అన్నాను. ఆయన నవ్వాడు.

పరిషత్తు రోజు బందరు నుంచి వ్యాన్‌లో బయల్దేరాం. చల్లపల్లిలో ఆగి అరటిపళ్ళు కొన్నాం. వాళ్ళావిడ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి ఊరు చేరాం. చీటీల్లో మాకు మొదటి నాటిక వచ్చింది, పొద్దు వాలగానే తెర తియ్యాలి. మేష్టారు స్టేజీ చూడ్డానికి ముందు వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన మొహంలో రక్తం లేదు.

జనానికి ఎడమచేతి వైపు, సరిగ్గా మా గుమ్మం రావలసిన చోట, పెద్ద బల్ల మీద ఒక ఫోటో, దండలు, పక్కన నిలువెత్తు దీపం. పరిషత్తు మొదలుపెట్టిన పెద్దాయన ఆ ఏడే పోయారట. ఆయన భార్య పొద్దున దీపం వెలిగించింది. పోటీలు అయ్యేదాకా ఆ దీపం కొండెక్కకూడదని, అక్కణ్ణించి కదపకూడదని అనుకున్నారట. ఆ పక్క దారి కూడా మూసేశారు, అటూ ఇటూ తిరిగితే గాలికి ఆరిపోతుందని.

మేష్టారు నిర్వాహకుణ్ణి బతిమాలాడు. ఆయన చేతులు కట్టుకుని, "ఏమీ అనుకోకండి మేష్టారూ. అమ్మగారు ముందు వరసలోనే కూర్చుంటారండి. ఆవిడ చూస్తుండగా దీపం ఎలా జరపమంటారు చెప్పండి" అన్నాడు. ఆవిణ్ణి నేనూ చూశాను. తెల్ల చీరలో, దీపం వైపే చూస్తూ కూర్చుని ఉంది. నాకు కూడా జరపమనడానికి నోరు రాలేదు.

అంటే ఇక ఉన్నది రెండో గుమ్మమే. సెట్టు మొత్తం ఇటుది అటు తిప్పాలి. ఆయన జనానికి కుడిచేతి వైపు నుంచి రావాలి. అలా వస్తే ఎడమ చెయ్యి జనానికి ఎదురుగా ఉంటుంది.

మేష్టారు గొంతు తగ్గించి అన్నాడు, "ఒక పని చేద్దాం. జడ్జీలకి ముందే చెప్పేద్దాం, ఆరోగ్యం ఇలా ఉందని. వాళ్ళూ మనుషులే కదా, అర్థం చేసుకుంటారు."

తగ్గించినా లాభం లేకపోయింది. పేర్లు పిలిచి పిలిచి బతికిన మనిషి, ఆయన చెవులు కూడా అలాంటివే. దూరంగా కూర్చున్నవాడల్లా లేచి వచ్చాడు. "జడ్జీలకి చెప్పారంటే నేను ఇప్పుడే బందరు బస్సెక్కుతాను మేష్టారూ. మీరు వేరే ఎవరిచేతన్నా వేయించుకోండి."

"అది కాదండీ..."

"తిప్పెయ్యండి. ఎటు తిప్పితే అటు తిరుగుతాను."

స్టేజీ వెనక ఇసకలో గీతలు గీసి, మళ్ళీ మొదట్నుంచి నడిచాం. నేను జనానికి వీపు పెట్టి ఆయనకి అడ్డంగా నిలబడతానన్నాను. "నీ వీపు చూడ్డానికి ఇంత దూరం వచ్చారా జనం?" అన్నాడు. చివరికి ఆయన వచ్చి కూర్చునే దాకా నేను అడ్డం ఉండేట్టు, కూర్చున్నాక తువ్వాలు కప్పి ఉంచుకునేట్టు ఒప్పుకున్నాడు. ఎరువుల కొట్టాయనకి కూడా చెప్పాం, "ఏవండీ, మీరు ఇప్పుడు ఆయన వెనక నుంచి వెళ్ళాలి, ముందు నుంచి కాదు" అని. ఆయన ప్రతిసారీ తలూపాడు. అందుకే నాకు భయం వేసింది.

తెర లేచింది. మొదట్లో అంతా బాగానే జరిగింది. ఆయన కాలు ఈడుస్తూ వచ్చాడు, నేను అడ్డం తిరిగాను, ఆయన పెట్టె మీద కూర్చున్నాడు. తువ్వాలు ఎడమ భుజం నుంచి మోకాలి దాకా. చెయ్యి ఉందో లేదో ఎవరికీ తెలియదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

సావుకారు వచ్చాడు. తెల్ల పంచె, చంకలో వంకీ గొడుగు. గుమ్మం దాటాడు, మైకు కనబడింది. ఇంక చెప్పాలా? వెనక నుంచి వెళ్ళాలన్న మాట ఎక్కడో కొట్టుకుపోయింది. ఆయన డైలాగు మొదలుపెట్టి, అలవాటు ప్రకారం అన్న ముందు నుంచే నడుచుకుంటూ మైకు వైపు సాగాడు. రిహార్సల్‌లో అదే దారిలో పోతే అన్న కుడి భుజం పక్కన ఉండేది, ఏమీ తగిలేది కాదు. ఇప్పుడు అక్కడ తువ్వాలుంది. గొడుగు వంకీకి తువ్వాలు తగులుకుంది. ఆయనతో పాటు అదీ వెళ్ళిపోయింది.

ఆయనకి తెలియదు. మైకు ముందు నిలబడి, వెనక తువ్వాలు వేలాడుతుంటే, "ఆ బోటు నాకిచ్చెయ్యి" అని గంభీరంగా అంటున్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. అంతలో జనం కళ్ళు పెట్టె మీదికి మళ్ళాయి. వేలాడుతున్న చెయ్యి, ముడుచుకున్న వేళ్ళు. నవ్వు ఆగిపోయింది. ముందు వరసల్లోంచి ఒకావిడ గొంతు స్పష్టంగా వినబడింది.

"అయ్యో, పాపం."

అంత చెవులున్న మనిషికి వినబడకుండా ఉంటుందా? ఆయన చెప్పవలసిన డైలాగు, "మా బోటు అమ్మకానికి లేదు." చెప్పలేదు. దవడ బిగించి కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. పక్క తెర వెనక మేష్టారు డైలాగు అందిస్తున్నాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి.

ఆయన తల వంచి ఆ చెయ్యిని చూశాడు. తర్వాత కుడిచేత్తో దాన్ని పట్టుకుని ఎత్తి, ఏదో వస్తువుని పక్కకి సర్దినట్టు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజూ ఇంట్లో అలాగే పెట్టుకుంటాడు కాబోలు. అప్పుడు మాట్లాడాడు. ఎంత నెమ్మదిగా అంటే, జనం నిజంగానే ముందుకి వంగారు.

"ఆ తువ్వాలు ఇటిచ్చి మాట్లాడండి సావుకారూ. మీలాంటి వాళ్ళ కంట పడకూడదనే కప్పుకునేది."

ఈ మాట నాటికలో లేదు. ఎరువుల కొట్టాయన వెనక్కి తిరిగి గొడుగు చూసుకున్నాడు. పాపం ఆయన మొహం పాలిపోయింది. చూడండి, ఆ మాట నేనే అనేస్తున్నాను. ఆయన అప్పుడొక పని చేశాడు. జన్మలో మొదటిసారి మైకు వదిలేసి వెనక్కి నడిచాడు. వంగి, తువ్వాలు ఆ చేతి మీద కప్పబోయాడు. డఫేదారుగారు ఆపాడు.

"ఇంక వద్దులెండి. చూశారుగా."

సావుకారు తువ్వాలు మడిచి పెట్టె మీద పెట్టి, మిగిలిన డైలాగులన్నీ వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన చేసిన వేషాలన్నిటిలో అంత బాగా చేసింది నేను చూడలేదు.

స్టేజీ మీద మేమిద్దరం మిగిలాం. తర్వాతి డైలాగు నాది, "ఎందుకన్నయ్యా నీకింత పంతం?" దానికి జవాబుగా రాసినాయన ఏదో సగం పేజీ రాశాడు, కులం, పరువు, నాన్న మాట అంటూ. అవేమీ చెప్పలేదు ఆయన. నా కళ్ళలోకి చూసి అన్నాడు.

"సముద్రం మీదికి వెళ్తే రెండు చేతులు కావాలమ్మా."

అమ్మాయిలూ, అన్న బోటు ఎందుకు ఇవ్వడు అని నేను మేష్టార్ని అడిగానే, ఆ జవాబు అక్కడ దొరికింది. పంతం కాదు. తను ఇక వేటకి వెళ్ళలేనన్న మాట నోటితో ఒప్పుకోలేక కట్టేసి ఉంచాడు బోటుని. నాకు నిజంగా ఏడుపొచ్చింది. స్టేజీ మీద నిజంగా ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది, డైలాగు రాదు, అది చాలా పెద్ద ఇబ్బంది. ఎలాగో ఊపిరి పొట్టలోకి లాక్కున్నాను, గిలకలదిండి ఆడవాళ్ళలాగా. నాకేది తోస్తే అది అన్నాను.

"నాకు రెండున్నాయి కదన్నయ్యా."

ఆయన మొహం అప్పుడు కదిలింది. మూలన అలంకారానికని పడేసిన వల ఉంది. దాన్ని తెచ్చి ఆయన ముందు వేసి, నేను కింద కూర్చున్నాను. నాకూ తెలియదు తర్వాత ఏం చేస్తానో. ఆయన చెప్పు వదిలేసి, కుడికాలి బొటనవేలికి వల అంచు తగిలించుకున్నాడు. ఎడమ చెయ్యిని ఎత్తి వల మీద బరువుగా పెట్టాడు, జారకుండా. కుడిచేత్తో ముడి వెయ్యడం మొదలుపెట్టాడు. రెండో కొస నేను పట్టుకుని లాగాను. ముడి బిగిసినప్పుడల్లా నా వైపు జరిపేవాడు. పక్క తెర వెనక మేష్టారు నాటిక ప్రతి మూసేసి నిలబడి ఉన్నాడు. ఇంక ఆగలేక తనే సైగ చేసి తెర వేయించాడు.

చప్పట్లు బాగా వచ్చాయి. అయినా ఆయన మొహంలో సంతోషం లేదు. మేకప్ తుడుచుకుంటూ అడిగాడు.

"పాపం అన్నారు కదా చెల్లెమ్మా?"

"ఒక్కావిడ అంది అన్నగారూ. తర్వాత ఎవరూ అనలేదు."

"ఆ చప్పట్లు ఎందుకు కొట్టారో? జాలిపడి కొట్టారేమో."

"మీరు చేసింది చూసి కొట్టారు. నేను పక్కనే ఉన్నాను కదా."

"నువ్వు చెల్లెలివి. నువ్వు అలాగే చెప్తావు" అన్నాడు. వాళ్ళావిడ ఫ్లాస్కులో కాఫీ పోసిస్తే తాగలేదు. ఇదే తన ఆఖరి వేషమని మేష్టారితో చెప్పేశాడు. మేష్టారు నా వైపు చూశాడు. నాకు తెలిసిన మాటలన్నీ వాడేశాను.

ఆ పరిషత్తులో ఒక పద్ధతి ఉంది. మర్నాడు పొద్దున టిఫిన్లయ్యాక జడ్జీలు నటుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎవరు ఎక్కడ తప్పు చేశారో చెప్తారు. డఫేదారుగారు రానన్నాడు. వాళ్ళావిడే తువ్వాలు కప్పి తీసుకొచ్చింది. వెనక వరసలో, గోడ వారగా కూర్చున్నాడు.

జడ్జీల్లో పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూస్తూ మాట్లాడాడు. నాటిక బాగుందన్నాడు. చెల్లెలు పాత్రధారిణి చివర్లో గొంతు పోగొట్టుకుందన్నాడు. నిజమే. సావుకారు పాత్ర అర్ధాంతరంగా వెళ్ళిపోయిందన్నాడు. అదీ నిజమే. తర్వాత అన్నాడు.

"అన్న పాత్రధారి గురించి. ఆ వాచికం చాలా బాగుందండీ. అంత నెమ్మదిగా చెప్పి వెనక వరస దాకా వినిపించడం తేలిక కాదు. అయితే, ఆ చెయ్యి. చెయ్యి పడిపోయినట్టు నటించాలనుకోవడం మంచి ఆలోచనే, కానీ శ్రుతి మించింది. ఆ వేళ్ళు అంతగా ముడుచుకోవడం, దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకోవడం, బాగా కృత్రిమంగా ఉంది. పక్షవాతం వచ్చిన మనిషి చెయ్యి అలా ఉండదు. ఒకసారి ఆస్పత్రికి వెళ్ళి రోగుల్ని గమనించి రావాలి. దీన్ని ఓవర్ యాక్షన్ అంటారు. మార్కులు తగ్గించాల్సి వచ్చింది."

మేష్టారు ఉలిక్కిపడి లేచాడు. "అయ్యా, అసలు ఆయనకి..." అంటూ మొదలుపెట్టాడు. డఫేదారుగారు కుడిచేత్తో మేష్టారి చొక్కా పట్టుకుని కిందికి ఒక్క లాగు లాగాడు. మేష్టారు ధన్‌మని కూర్చున్నాడు. తువ్వాలు ఇంకా దగ్గరికి లాక్కుని డఫేదారుగారు లేచి నిలబడ్డాడు.

"చిత్తమండి. ఈసారి సరిచేసుకుంటానండి" అన్నాడు.

ఆ గొంతు మామూలు గొంతు కాదు. కోర్టు వరండాలో పేర్లు పిలిచే గొంతు. హాలంతా తిరిగి చూసింది. జడ్జీగారు కూడా కాగితం మీంచి తలెత్తి, "ఆ, అలా ఉండాలి నటుడంటే, చెప్తే వినాలి" అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ పొద్దున అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

బయట టీ కొట్టు దగ్గరికి రాగానే డఫేదారుగారికి నవ్వు ఆగలేదు. గ్లాసు పట్టుకోలేక బల్ల మీద పెట్టేశాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళావిడ కంగారుపడి కొంగుతో మొహం తుడుస్తుంటే, "ఓవర్ యాక్షనటే. నన్ను ఓవర్ యాక్షన్ అన్నాడే" అని ఆవిడతో చెప్పాడు. ఎరువుల కొట్టాయన ఏమీ అర్థం కాక, "అంటే ప్రైజు రాదాండీ?" అని అడిగాడు. రాలేదు కూడా. వ్యాన్‌లో అవనిగడ్డ నుంచి బందరు దాకా ఆ మాటే చెప్తూ వచ్చాడు. ముందు సీటులో డ్రైవరుకి కూడా చెప్పాడు. మధ్యలో ఫ్లాస్కు అడిగి పుచ్చుకుని నిన్నటి కాఫీయే తాగేశాడు.

ఆ తర్వాత అదే నాటిక మా గుడివాడలో వేశారు. మంచి హాలు, రెండు పక్కలా గుమ్మాలు, ఎవరి దీపమూ అడ్డం లేదు. మేష్టారు పాత కాగితం తీసి, "ఇక్కడ హాయిగా ఎడమవైపు నుంచే రావచ్చండీ, చెయ్యి కనబడదు" అన్నాడు. డఫేదారుగారు ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. తువ్వాలు తీసి వాళ్ళావిడ చేతికిచ్చి, కాలు ఈడుస్తూ కుడివైపు గుమ్మం దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

గంట కొట్టారు. తెర కదులుతోంది. ఆయన తన ఎడమ చెయ్యి వైపు ఒకసారి చూసుకుని, నా చెవి దగ్గర వంగి అన్నాడు.

"జడ్జీగారు చెప్పాడు కదా చెల్లెమ్మా, ఇవాళ కాస్త తగ్గించి చేస్తానులే."